దిండు పక్కన పిస్తోలు, పక్క గదిలో పసివాడు

ఒక శుక్రవారం అస్ర్ నమాజు ముగించుకుని మేము మస్జిదు వరండాలో కూర్చుని ఉన్నాము. మా మొహల్లాకు చెందిన ఒక పెద్దాయన వచ్చి, సలాము చేసి మా పక్కన కూర్చున్నారు. కోడలి కాన్పు నిమిత్తం ఆయనా, ఆయన సతీమణీ అమెరికా వెళ్లి, డాలస్ శివార్లలో కొడుకు ఇంట ఆరు నెలలు ఉండి అప్పుడే తిరిగివచ్చారు. మనవరాలు పుట్టిన శుభవార్త మాకు ముందే తెలుసు. మిఠాయి తినిపిస్తారని ఎదురుచూశాము. కాని ఆయన ముఖంలో సంతోషం కంటే దిగులే ఎక్కువగా కనిపించింది.

“మౌల్వీ సాబ్, మా అబ్బాయి ఇంట్లో పిస్తోలు ఉంచుకున్నాడు. అది ధర్మసమ్మతమేనా?” అని అడిగారు.

ఆ పిస్తోలు సంగతి ఎలా బయటపడిందో ఆయనే వివరించారు. ఒక సాయంత్రం ఆయన సతీమణి పసిబిడ్డ గోళ్లు తీద్దామని, నెయిల్ కట్టర్ కోసం కొడుకు మంచం పక్కనున్న సొరుగు లాగారు. లోపల నల్లని పిస్తోలు ఉంది. నాలుగేళ్ల మనవడు ఆమె కొంగు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. “దాదీ, అది అబ్బాది. ముట్టుకోకూడదు” అన్నాడు. ఆ మాట వినగానే ఆమె కాళ్లు వణికాయట. సొరుగులో ఏముందో పిల్లవాడికి తెలియదని తండ్రి అనుకుంటున్నాడు. పిల్లవాడికి అన్నీ తెలుసు.

భయం అబద్ధం కాదు

ముందుగా ఆ కొడుకు పక్షాన ఒక మాట చెప్పుకోవాలి. అతను పెట్రోలు బంకుకు అనుబంధంగా ఉన్న దుకాణంలో రాత్రి పూట పని చేస్తాడు. తోటి ఉద్యోగి తలకు తుపాకీ గురిపెట్టి గల్లాపెట్టె ఖాళీ చేసుకుపోయిన సంఘటన అతని కళ్లముందే జరిగింది. కనుక ఆ భయం ఊహాజనితం కాదు. పిస్తోలు కొనుక్కోవడానికి అక్కడి చట్టం అనుమతిస్తుంది. తన ప్రాణాన్నీ, కుటుంబాన్నీ, ఆస్తినీ కాపాడుకునే హక్కును మన ధర్మం కూడా గుర్తించింది. తన సొత్తును కాపాడుకుంటూ ప్రాణం కోల్పోయిన వ్యక్తికి షహీదు స్థాయి ఉందని దైవప్రవక్త (సఅసం) తెలిపిన విషయం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదై ఉంది.

కనుక మేము ఆ పెద్దాయనతో, “భాయి, ఉంచుకోవడం హరామా అని అడగవద్దు. ఎక్కడ ఉంచాడు, ఎలా ఉంచాడు అని అడగండి. అసలు సమస్య అక్కడే ఉంది” అన్నాము.

మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఎవరూ తుపాకీ ఉంచుకోరాదు. లైసెన్సు ఉన్నవారు సైతం ఎన్నికల వేళ అధికారులు ఆదేశిస్తే దానిని అప్పగించవలసి ఉంటుంది. అందువల్ల ఇది మనకు సంబంధించని విషయమని కొందరు పాఠకులు భావించవచ్చు. కాని నేడు హైదరాబాదు, గుంటూరు, కడప, కర్నూలు నుండి వెళ్లిన మన బిడ్డలు ఎందరో అమెరికాలో సంసారాలు చేసుకుంటున్నారు. మనవలను ఆడించడానికి వెళ్లే తాతయ్యలు, నాయనమ్మలు ఆ ఇళ్లలోనే నెలల తరబడి ఉంటున్నారు. ఆ ఇంటి సొరుగులో ఏముందో తెలుసుకోవడం వారి బాధ్యత కూడా.

ఆయుధం విషయంలో ప్రవక్త జాగ్రత్త

ప్రవక్త (సఅసం) కాలంలో పిస్తోళ్లు లేవు. కత్తులు, బాణాలు, ఈటెలు ఉండేవి. వాటి విషయంలో ఆయన చేసిన హెచ్చరికలు చదివితే, అవి నేటి మన పడకగది గురించే అన్నట్లు తోస్తాయి. బాణాలు పట్టుకుని మస్జిదులోనుండి గాని, బజారులోనుండి గాని నడిచేవాడు వాటి మొనలను చేతితో పట్టుకుని ఉండాలని ఆదేశించారు. ఒర నుండి తీసిన కత్తిని ఒకరికొకరు అందించుకోవడాన్ని వారించారు. హాస్యానికైనా సరే సోదరుని వైపు ఆయుధం గురిపెట్టరాదని, షైతాను ఆ చేతిని ఎప్పుడు జారేలా చేస్తాడో మనిషికి తెలియదని హెచ్చరించారు.

ఈ మూడు ఆదేశాలలోనూ ఒకే సూత్రం ఉంది. ఆ మనిషి దుర్మార్గుడని ప్రవక్త అనలేదు. మంచివాని చేతిలోని ఆయుధం కూడా పొరపాటున గాయపరుస్తుంది గనుక, ఆ పొరపాటుకు దారి ముందే మూసివేయాలన్నారు. రాత్రి పడుకునే ముందు దీపం ఆర్పమని, ఎలుక వత్తిని లాగి ఇల్లు తగలబెట్టవచ్చునని చెప్పిన ప్రవక్త, ఇంటి భద్రతను ఎంత సూక్ష్మంగా చూశారో గమనించండి. ఎలుక చేయగల పనిని ఊహించి దీపం ఆర్పమన్న ధర్మం, నాలుగేళ్ల పిల్లవాడు చేయగల పనిని ఊహించి సొరుగుకు తాళం వేయమనదా?

“మా వాడు ముట్టుకోడు” అనే భ్రమ

తల్లిదండ్రులు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. ఒకటి, “ఎక్కడ దాచామో వాడికి తెలియదు.” రెండు, “ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాము.” ఈ రెండూ నిలబడవని పరిశోధనలు చూపుతున్నాయి.

2001లో అమెరికన్ శిశువైద్యుల పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. 8 నుండి 12 ఏళ్ల మగపిల్లలను చిన్న చిన్న జట్లుగా ఒక గదిలో ఉంచి, అక్కడి సొరుగులో పేలని విధంగా మార్చిన నిజమైన పిస్తోలును పెట్టారు. అధిక భాగం జట్లు దానిని కనిపెట్టాయి. కనిపెట్టిన జట్లలో చాలావరకు దానిని చేతిలోకి తీసుకున్నాయి. కొందరు ట్రిగ్గరు కూడా నొక్కారు. తుపాకీ విషయంలో జాగ్రత్తలు తమకు ముందే నేర్పారని, దానిని చేతిలోకి తీసుకున్న పిల్లల్లో అత్యధికులు చెప్పారు. నేర్పవలసిందే, సందేహం లేదు. కాని పసి మనసులోని కుతూహలం ముందు పాఠం ఒక్కటే చాలదు.

“చిన్నపిల్లలకు ట్రిగ్గరు లాగే బలం ఎక్కడిది?” అని మరికొందరు అంటారు. 1995లో వెలువడిన మరొక అధ్యయనంలో, సుమారు నాలుగున్నర కిలోల బలం అవసరమైన ట్రిగ్గరును రెండు చూపుడు వేళ్లతో లాగగల శక్తి 3-4 ఏళ్ల పిల్లల్లో నలుగురిలో ఒకరికి, 5-6 ఏళ్ల పిల్లల్లో పదిమందిలో ఏడుగురికి ఉన్నట్లు తేలింది. అనేక పిస్తోళ్ల ట్రిగ్గరుకు అంత బలం కూడా అవసరం లేదు.

2020 నుండి అమెరికాలో 1 నుండి 19 ఏళ్ల వయసువారి మరణాలకు మొదటి కారణం తుపాకీయే. అంతకుముందు ఆ స్థానంలో రోడ్డు ప్రమాదాలు ఉండేవి. ఈ మరణాలలో హత్యలు, ఆత్మహత్యలు, ప్రమాదాలు మూడూ ఉన్నాయి.

భద్రపరచే విధానం

అమెరికా శిశువైద్యుల సంఘం చెప్పే మొదటి మాట, పిల్లలున్న ఇంట తుపాకీ లేకపోవడమే అన్నిటికంటే సురక్షితమని. కనుక ఉంచుకోదలచినవారు ముందు తమను తాము నిజాయితీగా ప్రశ్నించుకోవాలి. భయం దుకాణంలో ఉంటే, పిస్తోలు పసిబిడ్డ పడుకునే ఇంట్లో ఎందుకు? తలుపుకు గట్టి గడియ, గుమ్మం ముందు దీపం, అలారం వంటి వాటితో ఆ అవసరం తీరదా? ఇవన్నీ ఆలోచించిన తరువాత కూడా ఉంచుకోవాలని నిశ్చయిస్తే, ఈ క్రింది నియమాలు తప్పనిసరి.

మొదటిది: తూటాలు తీసివేసిన పిస్తోలును తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. తూటాలను వేరొక చోట, వేరే తాళంలో ఉంచాలి. 2005లో వెలువడిన ఒక ప్రముఖ అధ్యయనంలో ఈ అలవాట్లలో ప్రతి ఒక్కటీ పిల్లల ప్రాణాలకు రక్షణగా నిలిచినట్లు వెల్లడైంది.

రెండవది: మ్యాగజైను తీసివేస్తే పిస్తోలు ఖాళీ అయిందని భావించరాదు. గొట్టం వెనుక ఛాంబరులో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. “ఖాళీదే” అనుకున్న పిస్తోలు పేలడానికి ఇదే ముఖ్య కారణం. మ్యాగజైను తీసిన తరువాత ఛాంబరును తెరచి, కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి.

మూడవది: రాత్రి అవసరానికి వెంటనే అందాలని పట్టుబట్టేవారు, సొరుగుకు బదులు మంచం పక్కన అమర్చే చిన్న ఇనుప పెట్టెను వాడాలి. అంకెల మీటలు నొక్కితే అది క్షణాలలో తెరుచుకుంటుంది. దానిని గోడకు గాని, నేలకు గాని బోల్టులతో బిగించాలి. లేకుంటే దొంగ పెట్టెతో సహా పట్టుకుపోతాడు. పిల్లల పుట్టినరోజులను, ఫోను అంకెలను సంకేతంగా పెట్టరాదు. బ్యాటరీని గడువు ప్రకారం మార్చాలి. తాళంచెవి ఉండే పెట్టె అయితే, ఆ చెవి పిల్లలకు తెలిసిన కొక్కేనికి వేలాడరాదు.

నాలుగవది: వేలిముద్రతో తెరుచుకునే పెట్టె కొంటే, ముందుగా దానిలో తమ వేలిముద్రను నమోదు చేసి, తరువాత ఇతరుల వేళ్లతో పరీక్షించాలి. వేలిముద్ర నమోదు చేయకపోతే ఎవరి వేలికైనా తెరుచుకునే లోపం ఉందని 2023 అక్టోబరులో అక్కడ సుమారు 61 వేల పెట్టెలను వెనక్కు పిలిపించారు. అటువంటి పెట్టె నుండి బయటికి వచ్చిన తుపాకీ వల్ల 12 ఏళ్ల బాలుడు మరణించాడు.

ఐదవది: స్తోమత లేనివారికి కేబుల్ తాళం ఉంది. తూటాలు తీసిన పిస్తోలు గుండా ఇనుప తీగను దూర్చి తాళం వేస్తారు. అనేక పోలీసు కార్యాలయాలలో దీనిని ఉచితంగా ఇస్తారు. ట్రిగ్గరుకు బిగించే తాళాన్ని మాత్రం తూటాలున్న పిస్తోలుకు ఎన్నడూ బిగించరాదు.

ఆరవది: దిండు కింద, బీరువా పైన, హ్యాండ్‌బ్యాగులో, కారు ముందర అరలో పెట్టడం దాచడమే గాని భద్రపరచడం కాదు. పిస్తోలు యజమాని స్వాధీనంలోనైనా ఉండాలి, తాళంలోనైనా ఉండాలి. మూడో చోటు లేదు.

టెక్సాస్ రాష్ట్ర చట్టం కూడా ఇదే చెబుతుంది. 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలివేయడం అక్కడ నేరం. ఆ తుపాకీ పేలి ఎవరైనా మరణిస్తే, తీవ్రంగా గాయపడితే శిక్ష మరింత పెరుగుతుంది.

ఎదిగిన పిల్లలున్న ఇంట

తాళం పసివాళ్ల కోసమే అనుకోవడం పొరపాటు. పదిహేనేళ్ల కొడుకు, పదహారేళ్ల కూతురు మనసు ఏ వేళ ఎంత కుంగిపోతుందో తల్లిదండ్రులకు అన్ని వేళలా తెలియదు. పరీక్షలో ఓటమి, బడిలో వేధింపు, స్నేహితుల ఎగతాళి వారిని క్షణకాలం చీకటిలోకి నెట్టవచ్చు. ఆ క్షణం గడచిపోతే ఆ బిడ్డ మళ్లీ నవ్వుతాడు. చేతికి అందేంత దూరంలో తుపాకీ ఉంటే ఆ క్షణం గడవకపోవచ్చు. బిడ్డ దిగులుగా ఉన్నాడని అనుమానం కలిగితే, ఆ తుపాకీని కొంతకాలం ఇంటి నుండే పంపివేయాలి. అమెరికాలో అనేక చోట్ల పోలీసు శాఖలు, తుపాకీ దుకాణాలు తాత్కాలికంగా భద్రపరుస్తాయి. 988 సంఖ్యకు ఫోను చేస్తే సహాయం లభిస్తుంది. బిడ్డను మందలించకుండా పక్కన కూర్చోబెట్టుకుని వినండి. వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం ఈమాను లోపం కాదు.

అడగడానికి మొహమాటం ఎందుకు?

మన పిల్లలు స్నేహితుల ఇళ్లకు ఆడుకోవడానికి వెళతారు. “మీ ఇంట తాళం వేయని తుపాకీ ఉందా?” అని ముందే అడగమని అక్కడి శిశువైద్యులు తల్లిదండ్రులకు సూచిస్తారు. ఇంట కుక్క ఉందా, ఈతకొలను ఉందా అని అడిగినట్లే ఇదీ అడగవచ్చు. మనవల ఇంటికి వెళ్లే పెద్దలు మొదటి వారంలోనే కొడుకునో, కూతురినో ఏకాంతంలో అడగాలి. పిల్లలకు నాలుగు మాటలు నేర్పాలి: తుపాకీ కనిపిస్తే ఆగు, ముట్టుకోకు, అక్కడి నుండి వెళ్లిపో, పెద్దలకు చెప్పు. చెప్పిన బిడ్డను కసురుకోకుండా మెచ్చుకోవాలి.

ఇక్కడ మన ఇళ్ల సంగతి కూడా చూసుకుందాం. పిస్తోలు లేదు, నిజమే. కాని శీతల పానీయపు సీసాలో పోసి వంటింటి మూల ఉంచిన పురుగుమందు ఉంది. బక్రీదు ముగిశాక గూటిలో మరచిపోయిన కత్తి ఉంది. మూతలేని నీటి సంపు ఉంది. డాలస్‌లోని సొరుగును విమర్శించే ముందు మన గూడును ఒకసారి తెరచి చూసుకోవాలి.

అల్లాహ్‌పై భారం వేసి ఒంటెను కట్టకుండా వదిలివేయవచ్చునా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టివేసి తరువాత భారం వేయమని ప్రవక్త (సఅసం) బోధించిన సంగతి మనందరికీ తెలుసు. బిడ్డలు మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. ఆ అమానతు గురించి రేపు మనలను ప్రశ్నిస్తారు.

పెద్దాయన ఆ రాత్రే కొడుకుకు ఫోను చేశారు. “అబ్బా, నేను జాగ్రత్తగానే ఉంటాను” అని కొడుకు మొదట తేలికగా తీసుకున్నాడట. అప్పుడు తల్లి ఫోను అందుకుని, ఆ సాయంత్రం మనవడు అన్న మాటను ఉన్నదున్నట్లు చెప్పింది. ఇంతకాలం ఆమె దానిని కొడుకుకు చెప్పలేదు. అవతల చాలాసేపు మాట లేదట. పది రోజుల తరువాత గోడకు బిగించిన ఇనుప పెట్టె ఫోటో వచ్చింది. పెద్దాయన దానిని మాకు చూపించి, “ఇప్పుడు మిఠాయి తినండి, మౌల్వీ సాబ్” అన్నారు.

అల్లాహ్ మన బిడ్డలందరినీ, వారు ఏ దేశంలో ఉన్నా, తన రక్షణలో ఉంచుగాక. ఆ రక్షణకు మన చేతులను సాధనంగా చేయుగాక. ఆమీన్.