నిమ్మచెట్టు సీతాకోకచిలుక
నారాయణపేట మెట్టభూములలో, ఎండవేళ పెరటి నిమ్మచెట్టుపై వాలుచు లేచుచు నుండెడి నలుపు పసుపు మచ్చల సీతాకోకచిలుకను మీలో పెక్కుమంది చూచియుందురు. 1758లో లిన్నేయస్ దీనికి ‘పాపిలియో డెమోలియస్’ అని పేరిడెను. దీని కుటుంబములో పెక్కింటికి వెనుక రెక్కల చివర తోకలుండును. దీనికి మాత్రము లేవు. వెనుక రెక్క లోపలి మూలనున్న ఎర్రని మచ్చయే దీని గుర్తు.

దట్టమైన అడవి దీనికి అక్కరలేదు. నిమ్మ, బత్తాయి, మారేడు, కరివేప ఉన్నచోట ఇది సుఖముగా బ్రదుకును. ఆడుది లేత ఆకులపై ఒక్కొక్కటిగా గుడ్లు పెట్టును. చిన్న పురుగు పక్షిరెట్టవలె నుండి శత్రువుల కనుగప్పును. ఎదిగిన పిమ్మట పచ్చనై ఆకులలో కలిసిపోవును. తాకినచో తల వెనుకనుండి చీలిన కొమ్మువంటి అవయవమును చాచి ఘాటైన వాసన వెదజల్లును.

రైతుకు చిక్కు ఇచటనే కలదు. పెద్దచెట్టు కొన్ని ఆకులు పోయినను కోలుకొనును. నారుమడిలోని బత్తాయి మొక్క మోడగును. నల్లగొండ సీమలో బత్తాయి తోటలే పెక్కు కుటుంబములకు జీవనాధారము. కావున నారుమొక్కలపై పురుగులను చేతితో ఏరివేయుట మేలు. పెరటి కరివేపపై మాత్రము రెండు మూడింటిని విడిచిపెట్టుడు; గుడ్డు రెక్కలు దాల్చు వింతను నెలనాళ్ళలో మీ పిల్లలు కన్నులార చూతురు.