మృతుల పేరు ముందరి మాట

క్రియావిశేషణము చిన్న మాటయే. కాని ఒక్కొక్కప్పుడు అందులో ఒక భాష చరిత్రయే ఇమిడియుండును. ప్రాచీన స్కాట్స్ భాషలోని ‘అమ్‌హ్వైల్’ అట్టిది.

ఇందలి ‘అమ్’ చుట్టును, ‘హ్వైల్’ కాలమును తెలుపును. ‘అప్పుడప్పుడు’ అనియు, ‘పూర్వము’ అనియు దీనికి అర్థములు కలవు. మన ‘ఒకప్పుడు’ సైతము ఈ రెండర్థములను మోయుచున్నది గదా! స్కాట్లండు వ్రాయసకాండ్రు మరియొక అడుగు ముందునకు వేసి, దస్తావేజులలో మృతుని పేరునకు ముందు ఈ మాట నుంచిరి. మనము ‘కీర్తిశేషులు’ అనుచోట వారు ‘ఒకప్పటి’ అనిరన్నమాట. వారసత్వపు తగవులలో మరణించినవానిని పేర్కొనక తప్పదు; అందుచే ఈ పదము న్యాయపత్రములలో స్థిరపడినది.

1603లో స్కాట్లండు రాజు ఆరవ జేమ్స్ ఇంగ్లండు సింహాసనము నధిష్ఠించి లండనుకు తరలెను. 1707లో రెండు దేశముల పార్లమెంటులు ఏకమయ్యెను. వ్రాతలో ఆంగ్లము ప్రబలగా, స్కాట్స్ రాజభాషా గౌరవమును కోల్పోయెను. ‘హ్వ’ ధ్వనిని తెలుపుటకు స్కాట్లండువారు వాడిన ప్రత్యేక వర్ణక్రమము మరుగుపడెను. అయినను చనిపోయినవారి పేర్లను ఆశ్రయించి ‘అమ్‌హ్వైల్’ న్యాయభాషలో చిరకాలము నిలిచెను.

ఇట్టి మాటలు నశింపరాదని, డండీ నగరమున జన్మించిన విలియం క్రేగీ 1700 వరకు గల స్కాట్స్ భాషకు నిఘంటువు నారంభించెను. 1931లో ప్రచురణ మొదలైన ఆ కోశము 12 సంపుటములతో 2002లో ముగిసినది. క్రేగీ 1957లోనే కన్నుమూసెను. కోశము పూర్తియగునాటికి ఆయన పేరునకును ఆ మాటయే తగియుండెను.