కరువు సీమలో హెరాల్డు కారు సంరక్షణ

ఇంగ్లండులో పాత కార్లను గూర్చి వెలువడిన పుస్తకాలను తిరగవేస్తే సగం పుటలు తుప్పును గూర్చియే ఉంటాయి. అక్కడి ఎడతెగని వానలు, చలికాలంలో మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు కలిసి కారు ఇనుప చట్రాన్ని కొలది ఏండ్లలోనే తినివేస్తాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే మన అనంతపురంలో ఆ పుస్తకాలను తలక్రిందులు చేసి చదువుకోవలెను. ఇక్కడ ఇనుము నిలుస్తుంది. రబ్బరు ఎండి పగులుతుంది. ధూళి ఇంజనును అరగదీస్తుంది. బోరు నీరు రేడియేటరును పూడ్చివేస్తుంది. ఈ భేదాన్ని గుర్తించిన వాని ఇంట పాత కారు బ్రతుకుతుంది.

ఉదాహరణకు స్టాండర్డ్ హెరాల్డు కారును తీసుకొందాము. 1959లో బ్రిటనులో ట్రయంఫ్ హెరాల్డుగా వెలువడిన ఈ వాహనాన్ని 1961 నుండి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ సంస్థ మన దేశంలో తయారు చేసినది. దీని రూపశిల్పి ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. ఇదే చట్రాన్ని కుదించి 1962లో ట్రయంఫ్ వారు స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును నిర్మించారు. కనుక హెరాల్డును బాగుచేయ నేర్చినవాడు ఒక ప్రఖ్యాత స్పోర్ట్స్ కారు మర్మాన్ని కూడ నేర్చినట్లే. బోనెట్టు, ముందు చక్రాల పైకప్పులు ఒక్కటిగా ముందుకు వాలుతాయి. ఇంజను, ముందు చక్రాలు, స్టీరింగు కడ్డీలు అన్నీ కంటి ఎదుట నిలుస్తాయి. నేడు పెనుకొండ వద్ద తయారగుచున్న కొత్త కార్ల లోపాన్ని కనుగొనడానికి కంప్యూటరు కావలెను. దీనికి నాలుగు పానాలు, ఒక స్క్రూ డ్రైవరు, వినే చెవి చాలు.

మొదట ధూళి సంగతి. రామగిరి కొండలపై గాలిమరలను త్రిప్పే ఆషాఢపు గాలి వేరుసెనగ చేల మట్టిని కూడ లేపుకొని వస్తుంది. ఆ మట్టిలోని ఇసుక రేణువులు ఉక్కును గీయగలవు. అవి గాలి వడపోత దాటి లోనికి పోయినచో పిస్టను రింగులు అరిగి, పొగగొట్టం నుండి నీలిపొగ మొదలవుతుంది. కాబట్టి గాలికాలంలో వడపోతను వారానికొకసారి విప్పి చూడవలెను; ఇంజను నూనెను కూడ పుస్తకంలో చెప్పిన గడువుకు ముందే మార్చడం మేలు. ధూళి పట్టిన రంగుపై తడిగుడ్డ రుద్దడం గరుకు కాగితం రుద్దడమే. ముందు మెత్తని కుంచెతో దులిపి, ఆ తరువాత ఒక్క బకెట్టు నీటితో కడిగితే చాలును. మన ఊరిలో అంతకు మించి నీరు కారుకు పోయడం భావ్యము కూడ కాదు.

నీటి విషయమై కొంచెం విపులంగా చెప్పవలసి ఉన్నది. మన జిల్లా భూగర్భ జలమనగానే ఫ్లోరైడు జ్ఞప్తికి వస్తుంది. అది పండ్లకు, ఎముకలకు చేటు. రేడియేటరుకు చేటు చేసేది నీటిలో కరిగియున్న సున్నపు లవణాలు. నీరు కాగినప్పుడు అవి విడివడి, ఇంట్లో నీళ్లు కాచే పాత్ర అడుగున తెల్లని పెచ్చు కట్టినట్లే సన్నని గొట్టాల లోపల పేరుకొంటాయి. ఇంజను వేడెక్కినదని మరల బోరు నీరే పోస్తే మరొక పొర చేరుతుంది. పడిన నాలుగు వానలలో శుభ్రమైన మిద్దెపై పట్టిన నీరు గాని, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు గాని, తుప్పును అరికట్టే కూలెంటు కలిపి పోయవలెను. వేడిమిలో ఉన్న రేడియేటరు మూత తీయరాదు. ఆవిరి ముఖాన్ని కాల్చివేయును.

రబ్బరుకు ఎండ ఒక శత్రువు. నేటి పెట్రోలు మరొకటి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాతకాలపు రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపులోని పలుచని పొరను మెత్తబరచి పాడుచేయగలదు. గొట్టం చెమర్చినచో మంటకు దారి. ఇథనాల్‌ను తట్టుకొనే గొట్టాలు నేడు లభిస్తాయి, ఖరీదు స్వల్పమే. 2000 నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మబడుచున్నది. వాల్వు కూర్చొనే అంచులను కాపాడిన ఆ సీసం లేనందున పాత ఇంజనులో అంచు అరిగి, ట్యాపెట్టు సందు క్రమంగా తగ్గిపోవచ్చును. అప్పుడప్పుడు ఆ సందును కొలిచి సరిచేయడం ఇంటి వద్దనే చేయదగిన పని.

ఇక ముఖ్యమైన విషయము. ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు భాగపు అడుగున మరలు ఉంటాయి. అవి ట్రనియన్ అనే కంచు దిమ్మెలో కూర్చొని, స్టీరింగు త్రిప్పినప్పుడల్లా అందులో తిరుగుతాయి. దీనికి పోయవలసినది గ్రీజు కాదు, 90 నంబరు గేరు ఆయిలు. అంబాసిడరుకు గ్రీజు కొట్టి అలవాటైన చేయి దీనికీ గ్రీజే కొడుతుంది. గ్రీజు గట్టిపడి అడుగు మరల దాకా పోదు. మరలు ఎండిపోయి పట్టివేస్తాయి. ఒకనాడు ఉక్కు భాగం విరిగి, చక్రం కారు క్రిందికి మడతపడుతుంది. అది బుక్కపట్నం మలుపులోనే జరుగవచ్చు, గుత్తి రోడ్డుపై వేగంగా పోవునప్పుడే జరుగవచ్చు. స్టీరింగు బరువెక్కినా, మలుపు తరువాత చక్రాలు తమంతట నేరుగా రాకున్నా బండిని కదపకుండ ఉస్తాదును పిలువవలెను. ఆయన విద్యను గౌరవిస్తూనే నూనె డబ్బాను మాత్రం మనమే చేతికందించుట మంచిది.

వెనుక చక్రాలకు అడ్డంగా ఒకే కమాను కట్ట ఉన్నది. కమాను అనగా ఉర్దూలో విల్లు. ఇంతకంటె తగిన పేరు ఏ ఇంజనీరూ పెట్టలేడు. ఈ అమరికలో మలుపున వేగంగా పోతూ హఠాత్తుగా యాక్సిలరేటరు వదిలితే వెనుక చక్రం లోనికి ముడుచుకొని బండి జారగలదు. మన దేశపు కొనుగోలుదారులకు, మెకానిక్కులకు ఇది నచ్చలేదు. హెరాల్డు తరువాత వచ్చిన గజెల్‌లో సంస్థ వారు మామూలు ఇరుసునే అమర్చారు.

కారు క్రింద దూరి పని చేయునప్పుడు జాకీని మాత్రమే నమ్మరాదు. ఇటుకలు, నాపరాతి ముక్కలు బరువుకు చెప్పకుండా పగులుతాయి. ఇనుప స్టాండ్లు గాని, మందమైన కొయ్య దిమ్మెలు గాని పెట్టవలెను.

చట్టం మాట కూడ తెలిసియుండవలెను. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు తీరిపోతుంది. అటుపై తనిఖీ చేయించి 5 ఏండ్లకొకసారి పొడిగించుకొనవలెను. 2021 నాటి నిబంధనల ప్రకారం 50 ఏండ్లు దాటి, మూలరూపంలో ఉన్న వాహనానికి వి.ఎ. అక్షరాలు గల ప్రత్యేక నంబరు లభిస్తుంది. హెరాల్డులన్నియు ఆ వయస్సు దాటినవే. అయితే ఆ నంబరు పొందిన కారును ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప నిత్యం రోడ్డుపై నడపరాదు. రోజూ బజారుకు పోవలెనన్నవారు సాధారణ రిజిస్ట్రేషనునే పొడిగించుకొనవలెను. ఏ దారి ఎంచుకొన్నను ఇంజను, చట్రం నంబర్లు చెరగకుండా చూచుకొని, పాత ఆర్.సి. పుస్తకాన్ని, విప్పిన అసలు భాగాలను పారవేయక ఒక పెట్టెలో భద్రపరచవలెను.