అన్నయ్య వదిలి వెళ్ళిన దెయ్యం
(రేడియో ప్రసంగ పాఠం)

పిల్లలు టీవీ ముందు కూర్చుని "దెయ్యం నన్ను దాటేసింది!" అని అరిస్తే కంగారు పడకండి. కార్ల పందెం వీడియో గేముల్లో "ఘోస్ట్" అని ఒకటుంటుంది. మీరు నిన్న ఆడిన పందేన్ని ఆట గుర్తుపెట్టుకుని, ఇవాళ మీ పక్కనే నీడలాంటి బండిగా మళ్ళీ నడిపిస్తుంది. దాన్ని గుద్దలేం, ఆపలేం. 1992 నాటి సూపర్ మారియో కార్ట్‌లోనే ఇది ఉంది. నేను ముఖ్యంగా చెప్పబోయేది తరవాత వచ్చిన మారియో కార్ట్ 64 సంగతి. అది జపాన్‌లో 1996 చివర్లో, అమెరికాలో 1997లో వచ్చింది.

చాలామంది ఇదొక వీడియో రికార్డింగ్ అనుకుంటారు. కాదండీ. ఈ ఆటలో ఘోస్టుని దాచేది కంట్రోలర్ వెనక దూర్చే చిన్న కంట్రోలర్ ప్యాక్‌లో. దాని జాగా మొత్తం 32 కిలోబైట్లు. ఇప్పటి సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. మరి రెండు ఘోస్టులెలా పట్టాయి? దాచేది బొమ్మని కాదు, వేళ్ళ కదలికని. ఏ బటన్ ఎంతసేపు నొక్కారు, స్టిక్ ఎటు ఎంత వంచారు, అంతే. ఆట ఆ చిట్టా చదువుకుంటూ బండిని మొదటినుంచీ మళ్ళీ నడుపుతుంది. పాట క్యాసెట్టుకీ, వీణ క్లాసులో స్వరాలు రాసుకున్న నోటుబుక్కుకీ ఉన్న తేడా అన్నమాట.

నోటుబుక్కు చూసి మనం వాయిస్తే రోజుకో రకంగా వస్తుంది. ఇక్కడ వెంట్రుకవాసి మారినా కుదరదు. అందుకే టైమ్ ట్రయల్‌లో అదృష్టం మీద ఆధారపడే పెట్టెలు ఉండవు, చేతికి మూడు పుట్టగొడుగులు ఇస్తారంతే. గుద్దడానికి వీల్లేకపోవడంలోని సుళువు కూడా ఇదే. ఒక్కసారి పక్కకి నెట్టగలిగితే, పాపం ఆ దెయ్యం తరవాతి మలుపులన్నీ తప్పిపోయి గోడకేసి కొట్టుకుంటూ ఉంటుంది!

మా పెద్దవాడు కాలేజీకి వెళ్ళేముందు లుయీజీ రేస్‌వేలో తన ఘోస్టుని దాచి వెళ్ళాడు. వాళ్ళ చెల్లి సాయంత్రాలు దానితో పందెం వేసేది. సొరంగం దాటగానే వాడు తొందరపడి గడ్డి మీదికి ఎక్కించేవాడు. ప్రతిరోజూ అక్కడే, అలాగే. "అన్నయ్య మళ్ళీ గడ్డెక్కాడమ్మా" అని వంటింట్లోకి వినిపించేది. వాడి ఫొటోలు ఇంట్లో చాలా ఉన్నాయి కానీ, వాడి తొందర ఉన్నది ఆ ప్యాక్‌లో మాత్రమే.

చిక్కంతా ఇక్కడే. ఆ ప్యాక్ లోపల బిళ్ళ బ్యాటరీ ఒకటుంటుంది. అది ఉన్నంతవరకే జ్ఞాపకం. అయిపోతే అంతా చెరిగిపోతుంది. ఊరికే ఊడదీసి కొత్తది వేసినా చెరిగిపోతుంది. 1990ల నాటి ప్యాకులు కొన్ని ఇంకా పనిచేస్తున్నాయి గానీ, వాటిని నమ్ముకుని కూర్చోకూడదు. కాబట్టి ముందు నకలు తీసి, ఆ తరవాతే బ్యాటరీ జోలికి వెళ్ళండి. ఆటలోని ఆప్షన్స్‌లో కంట్రోలర్ ప్యాక్ కాపీ అనే సదుపాయం ఉంది. రెండు కంట్రోలర్లు, రెండు ప్యాకులు కావాలి. కొత్త ప్యాక్ దాదాపు ఖాళీగా ఉండాలి, ఎందుకంటే ఉన్న 123 పేజీల్లో 121 ఈ ఆటే తీసుకుంటుంది. కంప్యూటర్లోకి ఎక్కించే పరికరాలు కూడా ఉన్నాయి.

2008లో వచ్చిన మారియో కార్ట్ వీ సంగతి వేరు. ఘోస్టులు యంత్రం లోపలి మెమరీలోనే ఉంటాయి, బ్యాటరీ బెంగ లేదు. అందులోనూ వేళ్ళ కదలికలే, ఒక్కో ఘోస్టుకి 10 కిలోబైట్లు మించదు. కాకపోతే ఇంటర్నెట్‌లో పంపుకునే నింటెండో సేవ 2014 మే 20న మూతపడింది. ఇక మిగిలింది ఇంట్లోని యంత్రంలో ఉన్నదే. గరాజ్ సేల్‌లో పెట్టేముందు ఒకసారి ఆన్ చేసి, టైమ్ ట్రయల్స్‌లో ఎవరెవరి పేర్లున్నాయో చూడండి.