హోసూరు రోడ్డు మీద కంబాలు

బెంగుళూరులో బొమ్మనహళ్ళి ప్రాంతాన కాపురమున్నవారికి ఎనిమిదేళ్ళపాటు తప్పనిసరి కాలక్షేపం ఒకటి వుండేది. నడిరోడ్డు మీద లేచే సిమెంటు కంబాలను చూడడం. మేమూ ఆ కోవలోని వారమే. పనికి పోతూ చూచాము, వస్తూ చూచాము, బస్సు గంటసేపు కదలక నిలబడిపోయినప్పుడు మరీ శ్రద్ధగా చూచాము.

మెట్రో రైలు పసుపు మార్గం సంగతి చెబుతున్నాము. ఆర్‌.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19.15 కిలోమీటర్లు, 16 స్టేషన్లు, ఆసాంతం నేలకు పైన కంబాల మీదనే. 2025 ఆగస్టు 10న ప్రధానమంత్రి ప్రారంభించగా మర్నాటినుంచి జనాన్ని ఎక్కించుకున్నారు. మన సంఘ సభ్యులలో ఆనేకల్లు, అత్తిబెలె, హోసూరు వైపువారు కొద్దిమంది కారు. వారందరి దారీ ఇదే గనుక నాలుగు మాటలు వ్రాయడం అనుచితం కాదనుకున్నాము.

మా మేనమామగారిది హోసూరుకు ఆవల ఒక పల్లె. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తమిళంలో కచ్చేరీ కాగితాలు చదివించుకుంటూ, కన్నడంలో బేరాలు చేసుకుంటూ తరతరాలుగా వస్తున్న కుటుంబం. ఆయనకు గుండెజబ్బు. మూడు నెలలకొకసారి జయదేవ ఆస్పత్రికి రావాలి. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరినా సిల్కుబోర్డు కూడలి దాటేసరికి ఎండ నెత్తికెక్కేది. ఒకసారి చీటీలు ఇచ్చే వేళ మించిపోయాక చేరి, ఆ రాత్రి మా ఇంట వుండి మర్నాడు చూపించుకోవలసి వచ్చినది. గుండె చూపించుకోవడానికి వచ్చే మనిషిని ఆ బస్సులోనుంచి దించుకుంటూ వుంటే మా గుండె దడదడలాడేది.

ఆయన మాత్రం గడపలో అడుగుపెట్టగానే, కాళ్ళు కడుక్కోకముందే, "కంబాలు ఎన్ని లేసినాయప్పా?" అని అడిగేవారు. మేము ఏదో ఒక లెక్క చెప్పేవారము. దారిలో తాను లెక్కపెట్టుకున్నది చెప్పి, మా లెక్క తప్పని తేల్చి, అప్పుడు మంచినీళ్ళు అడిగేవారు.

కంబం లేవడమే పని అని మొదట మా వుద్దేశం. కానే కాదు. ముందుగా రేకులు అడ్డుకట్టి రోడ్డులో సగం మింగేశారు. అడుగున నీటిగొట్టాలు, కరెంటు కేబుళ్ళు, మురుగు కాలువలు. వాటిని పక్కకు మళ్ళించడానికే నెలలు పట్టినది. ఆ తర్వాత పెద్ద యంత్రంతో నేలను లోతుగా తొలిచి, ఇనుప చువ్వల బుట్టను దించి, కాంక్రీటు పోశారు. అటువంటివి కొన్నిటిని కలిపి ఒక దిమ్మె, దిమ్మె మీద కంబం, కంబానికి అడ్డంగా తలకట్టు. ఇక పైన పరిచే వంతెన రోడ్డు మీద తయారు కాదు. దాని ముక్కలను వేరేచోట పోతపోసి, రాత్రిళ్ళు పొడుగాటి లారీల మీద తెచ్చేవారు. రెండు కంబాలకు మధ్య నిలిపిన ఇనుప దూలాల యంత్రం వాటిని ఒక్కొక్కటే పైకెత్తేది. అన్నీ చేరాక, దండ గుచ్చినట్లు లోపలినుంచి ఉక్కుతీగెలు దూర్చి బిగించేవారు.

నిద్రపట్టని ఒకానొక రాత్రి దగ్గరికి పోయి నిలబడితే, తలకు పచ్చటోపీ పెట్టుకున్న కుర్రవాడొకడు "ఏటి బాబూ, నిద్దరట్టలేదేటి?" అన్నాడు. ఇచ్ఛాపురం అవతలివాడట. హోసూరు తెలుగు విని విని వున్న మా చెవులకు ఆ యాస చెరుకురసంలాగా వుండినది. వాడి ఫోనులో కంబం మీద నిలబడి తీయించుకున్న బొమ్మ వున్నది. తల్లికి పంపలేదట. భయపడుతుందని.

జయదేవ కూడలిలో ఇరవై ఏళ్ళయినా నిండని ఫ్లైఓవరును 2020 జనవరిలో పడగొట్టడం మొదలుపెట్టారు. బన్నేరుఘట్ట రోడ్డు మీదుగా వచ్చే మరొక మెట్రో మార్గం ఈ పసుపు మార్గాన్ని అక్కడే దాటాలి. పాత ఫ్లైఓవరు వుంటే చోటు చాలదు. ఇప్పుడక్కడ అడుగున ఒక రోడ్డు, నేలమీద ఒకటి, దానిపైన ఫ్లైఓవరు, ఆపైన ఒకదానిమీద ఒకటిగా రెండు రైలుమార్గాలు. ముందే ఆలోచించి వుంటే ఒక కూల్చివేత తప్పేది గదా అని మాకు తోచినది. ఆలోచించవలసినవారికి తోచలేదు కాబోలు. రాగిగుడ్డ నుంచి సిల్కుబోర్డు దాకా మాత్రం చక్కని పని చేశారు. మోటార్లకొక అంతస్తు, రైలుకొక అంతస్తు, ఒకే కంబం మీద 3.3 కిలోమీటర్లు. మోటార్ల అంతస్తును 2024 జులైలోనే తెరిచారు.

ఈలోగా మా వీధి మొగలో కిరాణా కొట్టు మూతపడినది. రేకుల గోడ దాటి అవతలి జనం రాలేకపోయారు. ఆ కొట్టాయన మదనపల్లె వైపువారు; ముప్ఫై ఏళ్ళు అక్కడ పప్పులు తూచి, ఇప్పుడు కొడుకు దగ్గర వుంటున్నారు. స్టేషను మెట్లు సరిగ్గా ఆ కొట్టు ఎదుటే దిగినవి. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

2023 జనవరి 10న నగరానికి ఉత్తరాన నాగవార దగ్గర, కట్టుబడిలో వున్న వేరొక మెట్రో మార్గంలో కంబానికి కట్టిన చువ్వల పంజరం రోడ్డు మీదికి ఒరిగిపోయినది. బండి మీద పోతున్న ఒక తల్లీ, రెండున్నరేళ్ళ బిడ్డా మరణించారు. ఆ తర్వాత చాలా రోజులు మేము కంబాల కింద నడవలేక చుట్టుతిరిగి పోయాము. ఆ తడవ వచ్చినప్పుడు మామ లెక్క అడగలేదు.

చివరికి వంతెన ముగిసినది, పట్టాలు పడినవి, స్టేషన్లకు రంగులు వేశారు. రైళ్ళు లేవు! పందిరి వేసి, బాజాలు పిలిచి, పెండ్లికొడుకు కోసం ఎదురుచూచినట్లయినది. బండ్ల కంట్రాక్టు 2019లో ఒక చైనా కంపెనీకి ఇచ్చారు. మొదటి బండి హెబ్బగోడి డిపో చేరినది 2024 ఫిబ్రవరిలో. తరువాతిది కలకత్తా దగ్గరి కర్మాగారంలో తయారై 2025లో వచ్చినది. నడిపేవాడు లేకుండానే నడవగల బండ్లట. అందుకని పరీక్షలకు మరికొన్ని నెలలు. ఆ పరీక్షలు జరుగుతూ వుండగానే, 2025 ఫిబ్రవరిలో, మెట్రో గరిష్ఠ ఛార్జీని 60 రూపాయలనుంచి 90కి పెంచారు. ఇంకా ఎక్కని రైలుకు ధర పెరగడం మాకు అదే మొదటి అనుభవం.

ప్రారంభమైనప్పుడు మూడే బండ్లు, 25 నిమిషాలకొకటి. బండి చేరినకొద్దీ ఆ వ్యవధి తగ్గుతూ వచ్చినది. రెండోవారంలో మామకు ఆస్పత్రి తేదీ వున్నది. మేము బొమ్మసంద్రకు ఎదురుపోయాము. ఆయన లిఫ్టు ఎక్కనని, కంబం ఎంత ఎత్తో కాళ్ళతోనే చూస్తానని మొండికేశారు. "మామా, గుండె చూపించుకోవడానికే గదా పోతున్నాము" అని బతిమాలి లిఫ్టులో ఎక్కించాము. కిక్కిరిసిన బండిలో ఎవరో ఒక అమ్మాయి లేచి చోటిచ్చినది. ఆయన కూర్చోలేదు. అద్దానికి ముక్కు ఆనించి నిలబడి, "లారీలన్నీ చీమల మాదిరి పోతా వుండాయి సూడు" అన్నారు. అరగంటకు జయదేవలో దిగాము. చీటీలు ఇచ్చే కిటికీ ఇంకా తెరవనే లేదు.

తిరుగుప్రయాణంలోనే తెలిసినది అసలు చిక్కు. బొమ్మసంద్రలో దిగి, అత్తిబెలె దాటి హోసూరుకు పోవాలంటే మళ్ళీ ఆ బస్సే, ఆ తోపులాటే. మార్గాన్ని హోసూరు దాకా పొడిగించాలని ఎప్పటినుంచో కోరుతున్నారు. తమిళనాడువారు సాధ్యాసాధ్యాలు పరిశీలింపజేశారు కూడా. ఇక్కడి బండ్లు పక్కనున్న మూడో పట్టానుంచి 750 వోల్టుల కరెంటు తీసుకుంటాయి. చెన్నైవారి పద్ధతి తలపైని తీగెలది, 25,000 వోల్టులది. ఈ రెండూ పొసగవన్నది ఒక అభ్యంతరం.

మామకు ఈ వోల్టుల సంగతి వివరించి చెప్పాము. ఆయన బస్సు కిటికీలోనుంచి వెనక్కి తిరిగి, ఆఖరి కంబం దగ్గర వంతెన ఆగిపోయినచోటును చూస్తూ, "ఆడనించి మా వూరికి ఎన్ని కంబాలు పట్తాయప్పా?" అన్నారు. మేము వేళ్ళ మీద లెక్కవేస్తూ వుండగానే బస్సు కదిలినది.