తొందరపడిన సీమోను, నిలబడిన పేతురు

సంఘ కమిటీలో గొంతు పెంచిన యౌవనస్థుణ్ణి చూసి "ఇతడు సేవకు పనికిరాడు" అని తేల్చేస్తాము. నాలుగు ఆదివారాలు ఉత్సాహంగా పాడిన మరొకరిని అయిదో ఆదివారమే ప్రసంగపీఠం ఎక్కిస్తాము. చంద్రశేఖరపురం మొదలు మార్కాపురం, గిద్దలూరు వరకు మన సంఘాలలో ఈ రెండు పొరపాట్లూ చూస్తూనే ఉన్నాము. దేవుడు నాయకులను తయారుచేసే విధానం ఈ రెంటికీ భిన్నమైనది.

పేతురును చూడండి. నీళ్లమీద నడుస్తానని పడవ దిగినవాడు అతడే, గాలిని చూసి మునగబోయినవాడూ అతడే (మత్తయి 14). క్రీస్తును ఒప్పుకొన్న నోటితోనే ఆయన సిలువ మార్గాన్ని అడ్డగించబోయాడు (మత్తయి 16). తోటలో కత్తి దూసి మల్కు చెవి నరికాడు. కొద్ది గంటలకే ఒక దాసి అడిగితే ప్రభువును ఎరుగనన్నాడు (యోహాను 18).

అతడు బొంకినది నిప్పుల మంట దగ్గర. పునరుత్థానుడైన ప్రభువు అతణ్ణి మళ్లీ పిలిచినదీ నిప్పుల దగ్గరే (యోహాను 21). మూడుసార్లు కాదన్నవానిని మూడుసార్లు ప్రేమను గూర్చి అడిగాడు. గాయాన్ని కప్పిపెట్టలేదు, గాయపడినవానిని పారవేయలేదు. చేతికి అధికారమివ్వలేదు, గొర్రెలను అప్పగించాడు.

పెంతెకొస్తు దినాన ధైర్యంగా నిలబడిన తరువాత కూడా పేతురు అంతియొకయలో జంకాడు. పౌలు అందరి యెదుట గద్దించాడు (గలతీ 2). అయినా తన పత్రికలో పౌలును ప్రియ సహోదరుడనే పిలిచాడు (2 పేతురు 3:15). గద్దింపును భరించగలవాడే స్థిరపడినవాడు. చివరకు పెద్దలకు బుద్ధి చెప్పునప్పుడు తానూ వారి తోటిపెద్దనే అన్నాడు (1 పేతురు 5).

ఈ మాట మన నేలమీద కూడా రుజువైంది. జాన్ ఎవరెట్ క్లౌ గారు అమెరికాలో సర్వే పని నేర్చిన మొండి యువకుడు. కళాశాలలో తోటి విద్యార్థి ప్రార్థన చేస్తుంటే గది మధ్య సుద్దగీత గీసి, గీతకు ఇవతల ప్రార్థన కూడదన్నాడని చెబుతారు. అలాంటివాడు 1858లో బాప్తిస్మము పొంది, 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము ఏర్పడింది. అదే నెలలో, ఒంగోలుకు పడమరనున్న తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మము పొందారు. అక్కడ ముందుగా సువార్త విత్తనం చల్లినవాడు తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య.

తరువాత 1876-78 నాటి ధాత కరువు వచ్చింది. క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని, కూలి చూపించాడు. వేలమంది బాప్తిస్మము అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటికోసం వచ్చారో, క్రీస్తుకోసం వచ్చారో తేలాలని దాదాపు 15 నెలలు ఆగాడు. సుద్దగీత గీసిన మొండితనమే ఇప్పుడు ప్రభువు చేతిలో ఓర్పు అయింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ దినమంతా నీళ్లలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులు. నాయకుడు పక్కకు తప్పుకోవడం కూడా నేర్చుకున్నాడు.

కాబట్టి ప్రభువు పేతురు ఆవేశాన్ని చంపలేదు, దానిలోని స్వాతిశయాన్ని విరిచాడు. దీనికి కాలం పట్టింది, కన్నీళ్లు పట్టాయి, సరిచేసే సహోదరులు పట్టారు. మన సంఘాలు ఇవ్వవలసినవి ఇవే. తొందరపడే బిడ్డకు ముందు చిన్న పని అప్పగించి చూడాలి. తప్పు చేస్తే పదిమందిలో పరువు తీయక, ఇంటికి వెళ్లి సరిచేయాలి. పశ్చాత్తాపపడితే పాత తప్పును మళ్లీ తవ్వకూడదు. కొత్తగా చేరినవానిని అధ్యక్షునిగా నిలపవద్దన్న పౌలు హెచ్చరికనూ (1 తిమోతి 3:6) మరువకూడదు.

ఈ ఆదివారం మీ సంఘములో మీరు పనికిరాడని పక్కన పెట్టిన ఒక్కరిని గుర్తు చేసుకోండి. ఆయనను గూర్చి మాట్లాడకముందు ఆయనకోసం ప్రార్థించండి, ఆపైన వెళ్లి పలకరించండి. ఆ నిప్పుల దగ్గర మొదట పలకరించినవాడు ప్రభువే గదా!