పట్టుగూడు – వేడిమి

చిలమత్తూరు 2022లో అనంతపురం జిల్లాను వీడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. జిల్లా మారినా నేల మారలేదు. వాన అరుదైన ఈ మెట్టసీమలో బోరుబావి కింద కాసింత మల్బరీ తోట పెంచి, పట్టుపురుగులను సాకి, గూళ్లను హిందూపురం విపణికి చేర్చే కుటుంబాలున్నాయి. వారి శ్రమకు దక్కే ధర చాలావరకు ఒక్క ప్రశ్నపై ఆధారపడుతుంది: గూటి నుండి పోగు తెగకుండా వస్తుందా?

మేలురకం గూటిలో సుమారు 1000 మీటర్ల పోగు ఉంటుంది. దాని లోపలిది ఫైబ్రాయిన్. పైన కప్పినది సెరిసిన్ అనే జిగురు. తూకంలో జిగురు దాదాపు నాలుగోవంతు. రెండూ మాంసకృత్తులే, పొడవైన గొలుసుల వంటి అణువులు గల పాలిమర్లే. ఫైబ్రాయిన్ గొలుసులు చాలాభాగం పక్కపక్కనే ఒత్తుగా ఒదిగి సూక్ష్మ స్ఫటికాలై ఉంటాయి. మరిగే నీరు వాటిలోకి చొరబడలేదు. సెరిసిన్ గొలుసులు వదులుగా ఉంటాయి గనుక వేడినీటిలో మెత్తబడతాయి. పట్టు తీసే విద్య అంతా ఈ భేదం మీదనే నడుస్తుంది.

అయితే నీటిలో పడకముందే గూడు ఒకసారి వేడిని చవిచూడాలి. లేకుంటే సుమారు పది రోజులకు లోపలి ప్యూపా రెక్కల పురుగై గూటిని తొలుచుకొని వెలువడుతుంది, పోగు తునకలవుతుంది. అందువలన గూళ్లను వేడిగాలిలో ఆరబెడతారు. 110 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడితో ఆరంభించి, క్రమంగా 60 డిగ్రీల దాకా దించుతారు. ఎందుకు దించాలి? గూటిలో తడి ఉన్నంతసేపు వేడి చాలావరకు నీటిని ఆవిరి చేయడానికే వ్యయమవుతుంది. తడి తగ్గిన పిమ్మట అదే వేడి జిగురుపై పడుతుంది. అప్పుడు సెరిసిన్ గొలుసులు కూడా ఫైబ్రాయిన్ వలె ఒత్తుగా అమరి బిగుసుకుంటాయి. ఉడికిన గుడ్డులోని తెల్లసొన తిరిగి ద్రవం కానట్లే, ఆ జిగురు నీటికి సులభంగా లొంగదు. గూటిలో పోగును పోగు తాకే ప్రతిచోటా రెండు ఉపరితలాలను అతికించినది ఈ జిగురే. అతుకు విడకపోతే, లాగినప్పుడు పోగే తెగుతుంది.

పురుగు గూడు అల్లే వేళ చంద్రికల చుట్టూ తేమ అధికమైనా ఇదే నష్టం. ఈ ఒక్క విషయంలో మాత్రం మన సీమ పొడిగాలి రైతుకు చుట్టమే. వానకాలపు గూళ్లకు ఆ భాగ్యం తక్కువ.

పోగు తీశాక మిగిలిన జిగురును సబ్బునీటిలో ఉడికించి తొలగిస్తారు. అప్పుడే పట్టుకు మెరుపు, మెత్తదనం వస్తాయి. పట్టుపుట్టాల సొగసును తనివితీరా వర్ణించిన మన ప్రబంధకవులు, దాని వెనుక కాగిన నీటిని అంతగా తలచుకున్నట్లు నాకు తోచదు.